పొగగొట్టమునకు ఊదుగొట్టము

పచ్చికట్టెలు పెట్టిన పొయ్యి మండక పొగ చిమ్ముతూ ఉంటే మన ఇళ్లలో ఏమి చేసేవారో పెద్దలందరికీ తెలుసు. ఊదుగొట్టము తీసికొని నిప్పుల మీదికి గాలి ఊదేవారు. అంతవరకు కళ్లు మండించిన పొగయే భగ్గున మంటగా మారేది. ఆ గాలి పొగను తరిమివేయలేదు. పొగలో కాలక మిగిలిన పదార్థమును కాల్చివేసినది. ఈ చిన్న సత్యమునే 1960 తరువాత ఇంజినీర్లు మోటారుబండి పొగగొట్టమునకు అన్వయించారు. హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ప్రతి ఉదయము బారులు తీరే మోటారు సైకిళ్లలో చాలావాటి ఇంజను ప్రక్కన ఈ ఊదుగొట్టము ఈనాటికీ పనిచేస్తూనే ఉన్నది. అది ఎందుకు పుట్టినది? మన దాకా ఎట్లా వచ్చినది? అది నిజముగా విషవాయువును తగ్గిస్తుందా, లేక లెక్కలో మాత్రమే తగ్గించి చూపుతుందా? ఈ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాము.

ఒక రహదారి, అనేక ఇంజనులు

హైదరాబాదు రాష్ట్రములో ప్రభుత్వ బస్సులు 1932లో తిరగనారంభించాయి. నిజాము రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ అప్పుడు 27 బస్సులతో పని ప్రారంభించినది. నగరము నుండి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల మీదుగా విజయవాడకు పోయే బాట తరువాత 9వ నంబరు జాతీయ రహదారి అయినది. దానినే ఇప్పుడు 65వ నంబరు రహదారి అంటున్నారు. ఆ బాట మీద మన రెండవ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన ఎల్.బి.నగర్ ప్రత్యేక పురపాలక సంఘముగా ఉండి, 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. అక్కడ విజయవాడ రహదారి, నగరమును చుట్టివచ్చే వలయ రహదారి, నాగార్జునసాగరమునకు పోయే దారి దగ్గర దగ్గరగా కలుస్తాయి.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడక ప్రారంభించినది. కూడలిలో వంతెనలు, క్రిందిదారులు కట్టారు. అయినను రోడ్డు మీద బండ్ల రద్దీ మాయము కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని శిక్షణ సంస్థలకు వచ్చే విద్యార్థులు, అంగళ్లకు వచ్చేవారు, ఆంధ్ర ప్రాంతపు ఊళ్లకు పోయే బస్సులు, అందరికీ ఆ దారియే దారి. సిగ్నలు దగ్గర బండ్లు ఆగుతాయి. ఇంజనులు మాత్రము ఆగవు. కార్బురేటరు గల ఇంజను కదలక నిలిచి తిరిగేటప్పుడు దానికి పెట్రోలు పాలు మామూలుకంటె కొంత ఎక్కువగా ఇవ్వవలసి ఉంటుంది. లేకుంటే అది ఆగిపోతుంది. ఈ ఎక్కువ పెట్రోలే మన కథకు మూలము.

పొగలో ఏమున్నది?

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా కాలవలెనంటే సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. అంత గాలి అంది, బాగుగా కలిసి, సావకాశముగా మండితే చివరకు మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, మారని నత్రజని మాత్రమే. కాని సిలిండరులో మంటకు దొరికే వ్యవధి సెకనులో కొన్ని వందలవ వంతు మాత్రమే. గాలి తక్కువైనచోట కార్బనము సగము మాత్రమే కాలి కార్బన్ మోనాక్సైడు అవుతుంది. చల్లని సిలిండరు గోడల వద్ద, పిస్టను అంచు సందులలో మంట చేరక కొంత పెట్రోలు ఆవిరి అట్లే బయటపడుతుంది. దీనినే హైడ్రోకార్బనులు అంటారు. మంట మిక్కిలి వేడిగా ఉన్నచోట నత్రజని కూడ ఆక్సిజనుతో కలిసి నైట్రిక్ ఆక్సైడు తయారవుతుంది.

కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని ఆక్సిజను స్థానమును ఆక్రమించుకొంటుందని ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు 19వ శతాబ్ది మధ్యలో నిరూపించాడు. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1895 ప్రాంతమున తానే ఆ వాయువును పీల్చి, దాని ప్రభావమును కొలిచాడు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన ఆకర్షణతో ఈ వాయువును పట్టుకొంటుంది. అందుచేతనే గాలిలో అది కొద్దిగా ఉన్నను తలనొప్పి, అలసట కలుగుతాయి. సిగ్నలు దగ్గర గంటల తరబడి నిలబడే పోలీసు, రోడ్డు ప్రక్కన బండి పెట్టుకొన్న చిరువ్యాపారి, బడికి నడిచిపోయే పిల్లలు దీనిని అందరికంటె ఎక్కువగా పీలుస్తారు.

లాస్ ఏంజెలిస్ నేర్పిన పాఠము

మోటారు పొగను ఒక శాస్త్రసమస్యగా మొదట ఎదుర్కొన్న నగరము అమెరికాలోని లాస్ ఏంజెలిస్. అక్కడ 1940ల నుండి పగటిపూట గోధుమరంగు పొగమంచు కమ్మి, ప్రజల కళ్ల వెంట నీళ్లు కార్పించేది. మొదట అందరూ ఫ్యాక్టరీలనే నిందించారు. హాలండులో పుట్టి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న రసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్-స్మిట్ అనాసపండు వాసన దేనివలన కలుగుతుందో పరిశోధిస్తూ ఉండేవాడు. ఆ విద్యతోనే ఆయన నగరపు గాలిని పరీక్షించి, పెట్రోలు ఆవిరి, నత్రజని ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల ప్రారంభములో తెలియజేశాడు. దోషము చాలవరకు మోటారుబండ్లదేనని దీనివలన తేలినది.

మోటారు తయారీదారులు ఈ మాటను వెంటనే అంగీకరించలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వము ఒక నియమము చేసినది: పొగను శుద్ధిచేసే సాధనములు రెండైనా ఆమోదము పొందితే, ఆ తరువాత వచ్చే కొత్త బండ్లన్నిటికీ అటువంటివి తప్పనిసరి. 1964లో బయటి సంస్థలు తయారుచేసిన నాలుగు సాధనములు ఆమోదము పొందాయి. అంతవరకు ఇది సాధ్యము కాదన్న కార్ల కంపెనీలు 1966 నమూనా బండ్లకు తామే ఏర్పాటు చేసికొంటామని ముందుకు వచ్చాయి. కాలుష్య నివారణ సాధనముల తయారీని కూడబలుక్కొని ఆలస్యము చేశారని అమెరికా ప్రభుత్వము 1969లో ఆ కంపెనీల మీద దావా వేసినది. అదే సంవత్సరము అది రాజీతో ముగిసినది. విద్య ఉన్నంతమాత్రమున అది వాడుకలోకి రాదనీ, చట్టపు ఒత్తిడి కూడ కావలెననీ ఈ కథవలన తెలుస్తుంది.

ఇంజనుకు ఊదుగొట్టము

1966లో కాలిఫోర్నియాలో అమ్మిన కార్లకు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 1.5 పాళ్లకు, హైడ్రోకార్బనులు పదిలక్షలకు 275 పాళ్లకు మించరాదని నియమించారు. దీనికోసము జనరల్ మోటార్సు కంపెనీ తన కార్లకు ఒక గాలిపంపును అమర్చినది. ఫోర్డు కంపెనీ అటువంటిదానికే థర్మాక్టరు అని పేరు పెట్టినది. క్రైస్లరు కంపెనీ మాత్రము పంపు లేకుండ, గాలిపాలు ఎక్కువైన మిశ్రమముతో పని జరుపుకొన్నది.

గాలిపంపు పనిచేసే విధానము సులభము. ఇంజను బెల్టుతో తిరిగే పంపు బయటి గాలిని సన్నని గొట్టముల ద్వారా ప్రతి సిలిండరు ఎగ్జాస్టు వాల్వు వెనుకకు పంపుతుంది. గాలిని పొగగొట్టము చివర కాక, వాల్వును ఆనుకొనియే ఎందుకు వదలవలెను? అక్కడ పొగ ఇంకను ఎర్రని వేడిలో ఉంటుంది గనుక. హైడ్రోకార్బనులు కాలిపోవుటకు 600 డిగ్రీల సెంటీగ్రేడునకు, కార్బన్ మోనాక్సైడు కాలిపోవుటకు 700 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను; ఆ వేడి సెకనులో ఇరవయ్యవ వంతు కాలమైనా నిలవవలెను. చల్లారిన పొగకు ఎంత గాలి ఊదినా ప్రయోజనము లేదు. నివురు గప్పిన నిప్పు గాలి తగిలితే రాజుకుంటుంది. ఆరిపోయిన బొగ్గు రాజుకోదు.

ఈ ఏర్పాటుకు రెండు కాపలాలు అవసరమయ్యాయి. మొదటిది ఒకవైపు మాత్రమే తెరచుకొనే వాల్వు. వేడిపొగ వెనుకకు మళ్లి పంపును కాల్చివేయకుండ అది ఆపుతుంది. రెండవది గాలిని మళ్లించే వాల్వు. పోతున్న బండిని నడిపేవాడు ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలితే, కాలని పెట్రోలు ఆవిరి ఎక్కువగా పొగగొట్టములోనికి వస్తుంది. అప్పుడు గాలి కూడ తోడైతే సైలెన్సరులో టపాకాయవలె ప్రేలుతుంది. ఆ కొద్ది క్షణములు ఈ వాల్వు గాలిని వేరేవైపు మళ్లిస్తుంది.

తరువాత కాటలిటిక్ కన్వర్టరు వచ్చినది. ప్లాటినము వంటి లోహముల సాన్నిధ్యములో ఈ వాయువులు తక్కువ వేడిలోనే కాలిపోతాయి. యూజీన్ హూద్రీ అనే ఫ్రెంచి ఇంజినీరు 1950లలోనే అమెరికాలో అటువంటి కన్వర్టరును తయారుచేశాడు. కాని ఆనాటి పెట్రోలులో కలిపే సీసము ఆ లోహములకు పూతవలె పట్టి వాటిని చెరచివేసేది. సీసము లేని పెట్రోలు దొరికిన తరువాత, 1975 నమూనాల నుండి అమెరికా కార్లలో కన్వర్టర్లు విస్తారముగా వాడుకలోకి వచ్చాయి. అప్పుడు ఊదుగొట్టపు గాలి కన్వర్టరునకు ఆక్సిజను అందించే పనిలో కుదిరినది. నత్రజని ఆక్సైడులను కూడ విడగొట్టే కన్వర్టరునకు మాత్రము ఎడతెగని గాలి పనికిరాదు. ఆక్సిజను ఎక్కువైతే నత్రజని ఆక్సైడు విడిపోదు. అందుచేత అటువంటి కార్లలో విద్యుత్తుతో తిరిగే పంపు, ఇంజను చల్లగా ఉన్న మొదటి ఒకటి రెండు నిమిషములు మాత్రమే గాలి ఊది, కన్వర్టరును త్వరగా వేడెక్కించి ఆగిపోతుంది.

చిన్న ఇంజనుకు చిన్న ఉపాయము

మోటారు సైకిలుకు పంపు బరువు, ఖర్చు కూడ. అక్కడ ఇంజినీర్లు పంపే లేని ఉపాయమును ఆశ్రయించారు. ఎగ్జాస్టు వాల్వు తెరచినప్పుడు పొగ ఒక దెబ్బగా బయటికి దూకుతుంది. ఆ దెబ్బ వెనుక క్షణకాలము పొగగొట్టములోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తగ్గుతుంది. రైలు వేగముగా పోయినప్పుడు ప్లాటుఫారము మీది కాగితములు దాని వెంట లాగబడటము చూస్తూనే ఉన్నాము. ఆ లోటులోనికి బయటి గాలి తానే దూకుతుంది. గాలి లోనికి రావలెను, పొగ బయటికి పోరాదు; అందుకు పలుచని ఉక్కురేకు ఒకటి చాలును. దీనిని రీడ్ వాల్వు అంటారు. కమ్మరి కొలిమితిత్తిలో లోపలికి మాత్రమే తెరచుకొనే తోలుమూత చేసే పనియే ఇదీ చేస్తుంది.

ఈ పద్ధతికి సుజుకీ వారు పెయిర్ అనీ, యమహా వారు ఎయిర్ ఇండక్షన్ సిస్టమ్ అనీ పేర్లు పెట్టారు. పేరేదైనా సూత్రము ఒకటే. గాలిశుద్ధి పెట్టె నుండి ఒక రబ్బరు గొట్టము సిలిండరు తల వద్దకు పోతూ ఉంటుంది. మధ్య ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలోనే రీడ్ వాల్వు, యాక్సిలరేటరు వదిలినప్పుడు గాలిని ఆపే మూత ఉంటాయి.

మనదేశములో ఎక్కిన మెట్లు

1980ల వరకు మన రోడ్ల మీద స్కూటర్లు, ఆటోరిక్షాలు ఎక్కువగా రెండు స్ట్రోకుల ఇంజనులవే. ఆ ఇంజనులో కొత్త మిశ్రమము లోనికి వచ్చే ద్వారము, పొగ బయటికి పోయే ద్వారము కొంతసేపు ఒకేమారు తెరచి ఉంటాయి. అందువలన కాలని పెట్రోలులో గణనీయమైన భాగము నూనెతో సహా బయటికి జారిపోయేది. ఆ నీలిపొగకు గాలి ఒక్కటే మందు కాలేదు. కన్వర్టరు కూడ కావలసి వచ్చినది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 వంటి నాలుగు స్ట్రోకుల బండ్లు పెట్రోలు తక్కువ త్రాగి జనాదరణ పొందాయి.

పెట్రోలు బండ్ల పొగకు తయారీ దశలోనే హద్దులు మనదేశములో 1991లో మొదలయ్యాయి. ద్విచక్రవాహనము కిలోమీటరుకు విడువదగిన కార్బన్ మోనాక్సైడు 1996లో 4.5 గ్రాములు, 2000లో 2 గ్రాములు, 2005లో 1.5 గ్రాములు, 2010లో ఒక్క గ్రాము. హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు రెండూ కలిసి ఇదే క్రమములో 3.6, 2, 1.5, 1 గ్రాములు. పదునాలుగు ఏండ్లలో కార్బన్ మోనాక్సైడు హద్దు నాలుగింట ఒకవంతుకంటె తక్కువకు దిగినది. కార్బురేటరును మార్చకుండ, ధర పెంచకుండ ఈ మెట్లు దిగుటకు తయారీదారులకు దొరికిన చవుకైన సాధనములలో రీడ్ వాల్వు గాలిగొట్టము ముఖ్యమైనది.

2017 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి నాలుగుకు తగని బండ్లను అమ్మరాదని సుప్రీముకోర్టు ఆదేశించినది. 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవ స్టేజి నియమములు వచ్చాయి. అప్పటి నుండి కొత్త మోటారు సైకిళ్లలో చాలావాటిలో కార్బురేటరు పోయి, ఆక్సిజనును కొలిచి పెట్రోలును తూచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చినది. గాలిగొట్టమును కొన్నిటిలో ఉంచారు. కొన్నిటిలో దాని అవసరము తీరిపోయినది.

పలుచన చేయడమా, కాల్చడమా?

ఇక మూడవ ప్రశ్న. పాలలో నీళ్లు కలిపితే వెన్న శాతము తగ్గుతుంది, వెన్న తగ్గదు. పొగలో గాలి కలిపితే కూడ విషవాయువు శాతము తగ్గక తప్పదు. అయితే ఈ ఊదుగొట్టము చేసేది పాలవాని మోసమేనా?

చిన్న లెక్క వేద్దాము. నూరు లీటర్ల పొగలో 4 లీటర్లు కార్బన్ మోనాక్సైడు, 12 లీటర్లు కార్బన్ డయాక్సైడు ఉన్నవనుకొందాము. కాలుష్య తనిఖీలో 2000 మార్చి తరువాత, ఆరవ స్టేజి నియమములకు ముందు తయారైన ద్విచక్రవాహనమునకు కార్బన్ మోనాక్సైడు హద్దు నూటికి 3.5 పాళ్లు. కనుక ఈ బండి తప్పినది. దానిలో 25 లీటర్ల గాలి ఊరకే కలిపితే మొత్తము 125 లీటర్లు, విషవాయువు 3.2 శాతము. బండి నెగ్గినది! కాని రోడ్డు మీదికి వచ్చిన విషవాయువు అదే 4 లీటర్లు. రోడ్డు ప్రక్క నిలిచినవాని రక్తమునకు శాతముతో పని లేదు.

ఇప్పుడు అదే గాలి వేడిపొగలో తగిలి సగము విషవాయువును కాల్చినదనుకొందాము. రెండు లీటర్ల కార్బన్ మోనాక్సైడు ఒక లీటరు ఆక్సిజనుతో కలిసి రెండు లీటర్ల కార్బన్ డయాక్సైడు అవుతుంది. మొత్తము 124 లీటర్లు. విషవాయువు 2 లీటర్లు, అనగా 1.6 శాతము. ఇది నిజమైన లాభము.

రెండిటికీ భేదము తెలిసికొనుట ఎట్లా? కార్బనము నశించదన్న సూత్రమే ఆధారము. మోనాక్సైడును, రెండు ఆక్సైడుల మొత్తముతో భాగించండి. మొదట 16లో 4, అనగా నాలుగవ వంతు. ఊరకే పలుచన చేసినప్పుడు కూడ నాలుగవ వంతే. కాల్చినప్పుడు మాత్రము 16లో 2, అనగా ఎనిమిదవ వంతు. ఈ మోసము సంగతి 1966 నాటి కాలిఫోర్నియా వారికి తెలుసు. అందుకే వారు పొగలోని కార్బన వాయువుల మొత్తమును బట్టి కొలతను సవరించేవారు. 1972 నమూనాల నుండి అమెరికాలో మొత్తము పొగను ఒక కొలిచిన ప్రవాహములో కలిపి, బరువు కట్టే పద్ధతి వచ్చినది. మన నియమములలో కూడ తయారీదారు పరీక్షకు కిలోమీటరుకు గ్రాముల లెక్కయే ఉన్నది. అక్కడ గాలి కలిపి తప్పించుకొనుట సాధ్యము కాదు. రోడ్డు ప్రక్క తనిఖీలో మాత్రము శాతమే కొలుస్తారు. అందుచేతనే కార్బురేటరును సవరించేటప్పుడు ఈ గాలిగొట్టమును తాత్కాలికముగా మూసి కొలవవలెనని కొన్ని బండ్ల మరమ్మతు పుస్తకములు చెబుతాయి.

మరచిపోరాని హద్దులు

ఊదుగొట్టము సర్వరోగ నివారిణి కాదు. నత్రజని ఆక్సైడులను అది తగ్గించలేదు. డీజిలు మసిని, టైర్ల అరుగుదలను, రోడ్డు దుమ్మును అది ముట్టనైనా ముట్టదు. అది కాల్చిన కార్బనము కార్బన్ డయాక్సైడుగా గాలిలోనే కలుస్తుంది. దానివలన పొదుపయ్యే పెట్రోలు కూడ లేదు. పొగగొట్టములో కాలిన దానివలన చక్రము తిరగదు.

ఈ చివరి మాటను తలక్రిందులుగా గ్రహించి, గొట్టము మూసివేస్తే పెట్రోలు కలిసివస్తుందని కొందరు దానిని బిరడాతో మూయిస్తారు. రీడ్ వాల్వు ఇంజను బలము నుండి చెప్పుకోదగినంత తీసికొనదు. మూసినందువలన వచ్చే లాభమూ లేదు. యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సరు ప్రేలుతూ ఉంటే, గాలిని ఆపే మూత చెడినదనో, గొట్టము చిట్లినదనో, ఎగ్జాస్టు అతుకు వదులైనదనో అర్థము. మరమ్మతు చేయవలసినది దానికి. మూసిన గొట్టపు బండి సిగ్నలు దగ్గర ఆగినప్పుడెల్ల, కాలిపోవలసిన విషవాయువు పక్కవాని ఊపిరిలోనికి పోతుంది.

ఉపాధ్యాయులు పై లెక్కను రసాయన శాస్త్రపు తరగతిలో వాయువుల ఘనపరిమాణముల పాఠముతో కలిపి చేయించవచ్చును. విద్యార్థులు తమ ఇంటి బండి కాలుష్య తనిఖీ పత్రమును తెచ్చి, అందులోని అంకె శాతమా, గ్రాములా అని మొదట అడగవలెను. కార్బన్ డయాక్సైడు అంకె కూడ అచ్చయిన పత్రమైతే, పైన చెప్పిన భాగహారము చేయవచ్చును. ఆ తరువాత ఇంజను ప్రక్కనున్న రబ్బరు గొట్టమును వెదకి, దాని రెండు కొసలు వాటి చోట్ల ఉన్నవో లేవో చూడవచ్చును. ఇంజను చల్లారిన తరువాత మాత్రమే సుమా.